కుక్కకి తొడ ఎముక విరిగింది: రాడ్డా, ప్లేటా? ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఎలా చూసుకోవాలి?

వీధికుక్కల నేస్తం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఊరు విజయవాడ. నాటు కుక్క, ఆడది, ఎనిమిది నెలలు, బరువు 14 కిలోలు. పేరు చుక్కి. నిన్న సాయంత్రం బైకు గుద్దింది. కుడి వెనక కాలు వేలాడుతోంది, తొడ బాగా వాచింది, చర్మం ఎక్కడా తెగలేదు. ఎక్స్‌రేలో తొడ ఎముక నడిమధ్యన ఏటవాలుగా విరిగి, లోపలి వైపు ఒక చిన్న ముక్క విడిగా కనిపిస్తోంది. తుంటి, మోకాలు కీళ్లు బాగానే ఉన్నాయన్నారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. పొద్దున ఒకసారి మూత్రం పోసింది.

ఇద్దరు డాక్టర్లను అడిగితే రెండు మాటలు వచ్చాయి. ఒకరు రాడ్డు వేస్తే చాలన్నారు. ఇంకొకరు ప్లేటు వెయ్యాల్సిందే అన్నారు, ఖర్చు మాత్రం చాలా తేడా. ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టులాంటిది కట్టిస్తే లేత ఎముక కాబట్టి అదే అతుక్కుంటుందంటున్నారు. ఏది సరి? ఎన్ని రోజుల్లోపు చేయించాలి? మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు, గ్రానైట్ నేల. ఇంట్లో పెట్టుకుని ఎలా చూసుకోవాలి? తిండి ఇప్పటిదాకా పెరుగన్నం, కాసిని పాలు, వారానికి రెండు మూడు గుడ్లు. ఆ లోహం తర్వాత తీసెయ్యాలా?

శస్త్రశాల

ముందు కట్టు సంగతి తేల్చేద్దాం. కాళ్లు పోయేది అక్కడే.

విరిగిన చోటికి పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకుండా పట్టుకుంటేనే ఏ కట్టయినా పనిచేస్తుంది. మోకాలి కింది ఎముకకీ ముంగాలికీ అది కుదురుతుంది. తొడకి పైనున్నది తుంటి కీలు. కుక్క తొడ ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది, మామూలు కట్టు తుంటి దాకా ఎక్కదు. వెదురు బద్దలైనా పిండికట్టయినా తొడ మధ్యలో, సరిగ్గా విరిగిన చోటే ఆగిపోతుంది. ఆ బరువంతా కింద వేలాడుతూ లోలకంలా ఊగి ఎముక కొసల్ని ఇంకా ఎడం చేస్తుంది. పైగా కాలు చాచి కట్టేస్తే, కుర్ర కుక్కల్లో తొడ ముందు కండరం విరిగిన చోట ఎముకకి అతుక్కుపోయి మోకాలు కర్రలా బిగుసుకుపోతుంది. అది ఒకసారి వచ్చాక వెనక్కి తేవడం చాలా కష్టం. ఎముక చక్కగా అతికినా కాలు పనికిరాక తీసెయ్యాల్సి వచ్చే కేసులు ఇవే. లేత ఎముక త్వరగా అతుక్కుంటుందన్న పెద్దవాళ్ల మాట నిజమే. అందుకే అది వంకరగా అతుక్కోకముందే సరిచెయ్యాలి.

కాబట్టి ఆపరేషన్ దాకా ఏ కట్టూ వద్దు. మెత్తటి పరుపు వేసి చిన్న చోట పడుకోబెట్టండి, విరిగిన కాలు పైవైపు ఉండాలి. ఎత్తేటప్పుడు గట్టి అట్ట మీదో చెక్క మీదో జరిపి ఎత్తండి.

రెండోది, తొడ విరిగేంత దెబ్బ తగిలిన కుక్కకి ఛాతీ ఎక్స్‌రే లేకుండా మత్తు ఇవ్వకూడదు. ఊపిరితిత్తుల్లో రక్తం చిమ్మి ఉంటే మొదటి 24 నుంచి 48 గంటల్లో అది ఇంకా ముదురుతుంది. ఛాతీలో గాలి చేరడం, ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్యనుండే పొర) చిరిగి పేగులు పైకి ఎక్కడం కూడా చూస్తాం. మూత్రం పోసింది కదా అని మూత్రాశయం బాగుందనుకోకండి, చిన్న చిరుగున్నా కొంత బయటికి వస్తూనే ఉంటుంది. పొట్టకి అల్ట్రాసౌండ్ చేయించండి. పడుకుని ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తోందో లెక్కపెట్టండి. నిద్రలో 30 దాటి పెరుగుతూ పోతే ఆ రాత్రే తీసుకెళ్లాలి.

ఇవన్నీ కుదుటపడ్డాక, దెబ్బ తగిలిన రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు ఆపరేషన్ అయితే మంచిది. వారం దాటితే కండరాలు ముడుచుకుపోయి ఎముక కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. వాటిని లాగి పాత పొడవుకి తేవడానికే సగం సమయం పోతుంది, ఆ లాగుడులో కండరం ఇంకా నలుగుతుంది.

ఇక రాడ్డా ప్లేటా అన్నది. విరిగిన తొడ మీద మూడు బలాలు పనిచేస్తాయి: వంచేది, మెలిపెట్టేది, నొక్కి పొట్టి చేసేది. మజ్జ కాలువలో దూర్చే రాడ్డు, మేం పిన్ను అంటాం, మొదటి దాన్ని బాగా ఆపుతుంది. మెలితిరగడాన్నీ పొట్టిపడటాన్నీ ఆపలేదు. గుండ్రటి కాలువలో గుండ్రటి కడ్డీ కదా, ఎముక దాని చుట్టూ తిరుగుతుంది. దానికి తోడు తీగ చుట్టి బిగించడం ఒక పద్ధతి. అది పనిచెయ్యాలంటే విరిగిన గీత పొడవు ఎముక వ్యాసానికి కనీసం రెండింతలు ఉండాలి, ముక్కలన్నీ కలిపితే గొట్టం పూర్తిగా తయారవ్వాలి, ఒకటి కాదు కనీసం రెండు తీగలు పడాలి. ఈ సైజు కుక్కకి 20 గేజి, అంటే 0.8 మి.మీ. తీగ. తీగల మధ్య సుమారు సెంటీమీటరు ఎడం, విరిగిన కొసకి కనీసం అర సెంటీమీటరు దూరం. వదులైన తీగ అసలు లేనిదానికంటే చెడ్డది. అది కదులుతూ ఎముకకి రక్తం తెచ్చే పైపొరను అరగదీస్తుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి లోపలి వైపు ముక్క చిన్నది, తీగకి నిలవదు. అక్కడ ఖాళీ మిగులుతుంది. ఇలాంటి చోట నేను ఎంచుకునేది ప్లేటు, దానికి తోడుగా సన్నటి పిన్ను. కాలువ ఇరుకైన చోట 8 మి.మీ. ఉందనుకోండి, పిన్ను ఒక్కటే వేస్తే 5.5 మి.మీ. దాకా కావాలి. ప్లేటుతో కలిపి వేస్తే కాలువ వెడల్పులో 35 నుంచి 40 శాతం, అంటే 3 మి.మీ. చాలు. స్క్రూలకి చోటు మిగులుతుంది, ప్లేటు వంగే ఒత్తిడి దాదాపు సగానికి తగ్గుతుంది. 14 కిలోల కుక్క 2.7 మి.మీ., 3.5 మి.మీ. స్క్రూల ప్లేట్ల సరిహద్దులో ఉంటుంది, ఎముక వెడల్పు చూసి సర్జన్ తేల్చుకుంటారు. 2.7 స్క్రూకి 2.0 డ్రిల్లు, 3.5 స్క్రూకి 2.5 డ్రిల్లు. విరిగిన చోటికి పైన కనీసం మూడు స్క్రూలు, కింద మూడు. బాగున్న ఎడమ తొడకి కూడా ఎక్స్‌రే తీయిస్తే దాన్ని కొలతగా పెట్టుకుని ప్లేటు పొడవు, వంపు ముందే సిద్ధం చేసుకోవచ్చు.

ప్లేటు తొడకి బయటివైపు కూర్చుంటుంది, బరువు మోపినప్పుడు ఎముక సాగే వైపు అదే. ఎదురుగా లోపలివైపు ఎముక ఎముకకి ఆనుకుని ఉంటే ప్లేటు హాయిగా ఉంటుంది. అక్కడ ఖాళీ ఉంటే వేసిన ప్రతి అడుగుకీ ప్లేటు కాస్త వంగి లేస్తుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతుంటే తెగినట్టు, కొన్ని వారాలకి ఖాళీ స్క్రూ రంధ్రం దగ్గర అది విరుగుతుంది. ఎముక ముందు అతుకుతుందా, లోహం ముందు అలుస్తుందా అన్న పందెం ఇది. పిన్ను తోడు ఇచ్చేది లోహం వైపు వ్యవధి పెంచడానికి.

ఇంకో మాట. ఎనిమిది నెలలకి మోకాలి దగ్గర ఎదుగుదల పలక (ఎముక పొడవు పెరిగే లేత భాగం) ఇంకా మూసుకుని ఉండకపోవచ్చు. ప్లేటు దాన్ని దాటి కిందికి రాకూడదు.

మూడో బల్ల

శస్త్రశాల గారు చెప్పినదాంతో ఏకీభవిస్తాను, ఒక్క చోట తప్ప. రాడ్డు అన్న డాక్టరు గారు తప్పు చెప్పారని వెంటనే అనుకోకండి. రాడ్డు ఒక్కటే వేస్తారా, రాడ్డుతో పాటు బయటి ఫిక్సేటర్ కలుపుతారా అని అడగండి. తొడలోకి పిన్ను దూర్చి, దాని పైకొసని చర్మం బయటే ఉంచి, ఎముకలోకి పైన ఒకటి కింద ఒకటి లేదా రెండు మరలున్న సన్న పిన్నులు పక్కనుంచి వేసి, అన్నిటినీ బయట ఒక కడ్డీకి కట్టేస్తారు. టై-ఇన్ అంటారు. మెలితిరగడం ఆగుతుంది, పొట్టిపడటం ఆగుతుంది, ప్లేటు కంటే చాలా తక్కువలో అవుతుంది. బయటి కడ్డీ స్థానంలో అక్రిలిక్ గానీ ఎపాక్సీ పుట్టీ గానీ వాడేవాళ్లున్నారు. అది గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, చర్మానికి కనీసం సెంటీమీటరు ఎడం ఉంచి, తడిగుడ్డ చుట్టి చల్లబరచాలి.

దీని కష్టం ఏమిటంటే తొడ కండరం మందం. పిన్నులు కండరంలోంచి వెళ్తాయి కాబట్టి కుక్క మోకాలు వంచడానికి ఇష్టపడదు, పిన్ను మొదట్లో చీము నీరు కారుతుంది. రోజుకొకసారి సెలైన్‌తో తుడిచి, పిన్నుల మధ్య గాజ్ (గాయాలకి వాడే పల్చటి గుడ్డ) కుక్కి పెట్టాలి. చుక్కి వయసుకి 5 నుంచి 8 వారాల్లో తీసేయొచ్చు. డబ్బుకి ఇబ్బంది లేకపోతే ప్లేటే. ఇబ్బంది ఉంటే ఉత్త రాడ్డుకి ఒప్పుకోకుండా దీన్ని అడగండి. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడి ఆసుపత్రిలో కూడా విచారించండి. తెలంగాణ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే రాజేంద్రనగర్ కళాశాల, రాయలసీమ వాళ్లకి తిరుపతి.

పిన్ను ఎటునుంచి దూర్చారన్నది కూడా తేడా తెస్తుంది. తుంటి దగ్గర తొడ ఎముక పైకొస పక్కనున్న గుంటలోంచి కిందికి దింపడం ఒక పద్ధతి. విరిగిన చోటినుంచి పైకి పొడిచి, బయటికి తీసి, మళ్లీ కిందికి దింపడం రెండోది. రెండో దాంట్లో పిన్ను కొస తుంటి వెనకగా పోయే పెద్ద నరానికి దగ్గరగా వెళ్లే ప్రమాదం ఎక్కువ. పైన కొస పొడుగ్గా వదిలేసినా ఆ నరాన్ని రాస్తుంది. నరం దెబ్బతింటే కుక్క పాదం మడిచి, వేళ్ల పైభాగం నేలకి రాసుకుంటూ నడుస్తుంది. మత్తు దిగిన మర్నాడు పాదం వేళ్లని గట్టిగా నొక్కి చూడమనండి. కుక్క కాలు లాక్కోవడమే కాదు, తల తిప్పి చూడాలి కూడా.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తప్పకుండా చూడండి. మన దగ్గర వీధి కుక్కల్లో పిడుదుల జ్వరం మామూలు, పైకి ఏమీ కనిపించకుండానే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. మామూలుగా రెండు లక్షల నుంచి ఐదు లక్షలు ఉండాలి. యాభై వేల లోపుంటే ఆ తొడ కోయడం ప్రమాదం. మెషీన్ తక్కువ చూపిస్తే స్లైడు మీద కూడా లెక్కించమనండి, ప్లేట్‌లెట్లు గుంపుకట్టినా మెషీన్ తక్కువే చెబుతుంది.

వీధికుక్కల నేస్తం

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండీ. ఛాతీ ఎక్స్‌రే ఇవాళ తీయించాం, బాగుంది. ప్లేట్‌లెట్లు 1,90,000. ప్లేటు, పిన్ను కలిపి వేసే డాక్టరు గారు దొరికారు, ఎల్లుండి ఆపరేషన్. ఈలోపు రాత్రిపూట మూలుగుతోంది. ఇంట్లో మనుషులు వాడే మెలాక్సికామ్ 7.5 మాత్ర ఉంది, సగం వెయ్యొచ్చా?

మూడో బల్ల

వెయ్యకండి. కుక్కకి మెలాక్సికామ్ మొదటి రోజు కిలోకి 0.2 మి.గ్రా., తర్వాత రోజుకొకసారి కిలోకి 0.1 మి.గ్రా. 14 కిలోలకి రోజువారీ మోతాదు 1.4 మి.గ్రా. సగం మాత్ర అంటే 3.75, రెండున్నర రెట్లకి పైనే. కుక్కల కోసం వచ్చే ద్రవం 1.5 మి.గ్రా./మి.లీ. ఉంటుంది, అందులో 0.9 మి.లీ. సరిపోతుంది. నిన్నటి ఇంజెక్షన్ ఏమిటో ముందు కనుక్కోండి. అదే జాతి మందయితే రెండు కలవకూడదు. స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే అసలే కలవకూడదు, కడుపులో పుండు పడి రక్తం పోతుంది. తిండి మానేస్తే, వాంతి చేసుకుంటే, విరేచనం నల్లగా తారులా వస్తే మందు ఆపి ఫోన్ చెయ్యండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంట్లో ఉన్నా వాటి జోలికి పోవద్దు. డైక్లోఫెనాక్ అయితే పశువుల మందుగా తయారు చెయ్యడం మన దేశంలో 2006లోనే ఆపించారు, రాబందులు చచ్చిపోవడం వల్ల. కుక్క కడుపుకీ మూత్రపిండాలకీ కూడా అది చేటే.

నొప్పి ఇంకా ఉంటే గాబాపెంటిన్ గురించి డాక్టరుని అడగండి. కిలోకి 10 మి.గ్రా. దరిదాపుల్లో, 8 నుంచి 12 గంటలకొకసారి. 100 మి.గ్రా. క్యాప్సూల్‌తో మొదలుపెట్టడం సులువు. మనుషుల సిరప్ కొనకండి, కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కకి అది విషం. కొంచెం మత్తుగా తూలుతుంది, అది మామూలే. వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపకూడదు.

ఆపరేషన్ రోజు తిండి 8 గంటల ముందు ఆపండి. నీళ్లు రెండు గంటల ముందు దాకా ఉండనివ్వచ్చు.

నడకబడి

కుక్కల ఫిజియోథెరపీ వైపునుంచి చెబుతున్నాను. ఈ ఆపరేషన్ తర్వాత ఇంట్లో జరగాల్సింది ఒకటే: కుక్క పరుగెత్తకూడదు, మోకాలు మాత్రం ముడుచుకోవాలి. చాలామంది మొదటిది బాగా పాటించి రెండోది వదిలేస్తారు. భయం వల్ల కాలు ముట్టుకోరు. మూడు వారాల తర్వాత మోకాలు బిగుసుకుని వస్తుంది.

చోటు ముందు సర్దండి. బోను అయితే 36 అంగుళాల పొడవు, 24 వెడల్పు ఈ సైజుకి చాలు. లేచి నిలబడి, వెనక్కి తిరిగి పడుకోగలిగితే సరిపోయినట్టే. బోను లేకపోతే గది మూలలో మంచం పక్కకి వాల్చి అడ్డం పెట్టండి, దూకే ఎత్తు ఉండకూడదు. గ్రానైట్ నేల మీద అది నడిచే దారంతా రబ్బరు మ్యాట్లు పరవండి. యోగా మ్యాట్ అయినా సరే, అంచులు టేపుతో అంటించాలి. రంగురంగుల నురుగు పలకలు వద్దు, ఎనిమిది నెలల కుక్క కొరికి మింగుతుంది. గోనెసంచి జారుతుంది, కింద రబ్బరు లేకుండా పనికిరాదు. పాదాల మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించి, గోళ్లు తీయించండి.

రెండో అంతస్తు కాబట్టి మెట్లు ఎత్తుకునే దిగాలి, ఎక్కాలి. ఒక చేయి ఛాతీ చుట్టూ, ఇంకో చేయి పిరుదుల వెనకనుంచి, ఆపరేషన్ కాలు మీ ఒంటికి దూరంగా బయటివైపు. పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తకండి, వెనక కాళ్లు వేలాడతాయి. నేల మీద నడిపేటప్పుడు పాత తువ్వాలు గానీ చున్నీ గానీ తొడలకి ముందు, పొట్ట కిందుగా వేసి పైకి పట్టుకోండి. బరువు మొయ్యడానికి కాదు, జారితే ఆపడానికి.

మొదటి మూడు రోజులు ఐస్. పల్చటి గుడ్డలో చుట్టి తొడ మీద 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి మూడు సార్లు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా వాపు కిందికి దిగి మడమ కీలు, పాదం ఉబ్బుతాయి. చూస్తే గాబరాగా ఉంటుంది గానీ అది దిగిన నీరే. పాదం నుంచి తొడవైపు అరచేత్తో మెల్లగా తోస్తుంటే తగ్గుతుంది. తొడ లోపలివైపు నల్లగా కమిలినట్టు ఉండటం కూడా మామూలే. మత్తు దిగిన 24 గంటల్లోపు మూత్రం పొయ్యాలి. విరేచనం రెండు మూడు రోజులు రాకపోయినా కంగారు లేదు.

రెండో రోజు నుంచే, డాక్టరు సరేనంటే, మోకాలు ఆడించాలి. బాగున్న వైపు ఒత్తిగిల్లి పడుకోబెట్టి, ఒక చెయ్యి తొడ మీద మోకాలికి దగ్గరగా, ఇంకోటి మోకాలి కింద. పాదం పట్టుకుని లాగొద్దు. మెల్లగా ముడిచి, అది తల తిప్పేదాకానో కండరం బిగించేదాకానో వెళ్లి, అక్కడ ఐదు సెకన్లు ఆగి, వదలండి. అరిచేదాకా పోవద్దు. 10 నుంచి 15 సార్లు, రోజుకి మూడు పూటలు. కుక్క మోకాలు పూర్తిగా ముడిస్తే సుమారు 40 డిగ్రీలకి, చాస్తే 160కి వస్తుంది. మొదటి వారం 90 దాకా ముడుచుకుంటే బాగున్నట్టు. నాలుగో రోజు నుంచి ఐస్ బదులు, ఆడించే ముందు 10 నిమిషాలు గోరువెచ్చని కాపడం. నొప్పి మందు వేసిన గంటన్నరకి చేస్తే సులువుగా ఒప్పుకుంటుంది.

నడక మొదటి రెండు వారాలు మూత్రానికి మాత్రమే, పొట్టి తాడుతో, ఐదేసి నిమిషాలు. నెమ్మదిగా నడిపించాలి. వేగం పెరిగితే కుక్క మూడు కాళ్ల మీద గెంతుతుంది, నెమ్మదిగా వెళ్తేనే నాలుగోది నేలకి ఆనిస్తుంది. మూడో వారం నుంచి వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. వారం రోజుల్లో వేళ్ల కొసలైనా ఆనించాలి. రెండు వారాలు దాటినా కాలు పైకే పెట్టుకుంటే ఆగకుండా చూపించండి. దర్జీ టేపుతో రెండు తొడల చుట్టుకొలత వారానికొకసారి ఒకే చోట కొలిచి రాసుకోండి, కండరం తిరిగి వస్తోందో లేదో కుంటుడు చూసి చెప్పడం కంటే ఇది నమ్మకం.

కుట్లకి పసుపు, వేపనూనె, పౌడరు ఏమీ రాయొద్దు. పొడిగా ఉంచితే చాలు. మెడకి గొట్టం (నాకకుండా తల చుట్టూ పెట్టే ప్లాస్టిక్ గరాటు) 10 నుంచి 14 రోజులు, కుట్లు తీసేదాకా, పగలూ రాత్రీ ఉండాలి. తినేటప్పుడు మీరు పక్కన కూర్చుంటే తియ్యొచ్చు. ఒక్క రాత్రి నాకితే కుట్లు విప్పేస్తుంది, సూక్ష్మజీవి ప్లేటు దాకా పోతే దాన్ని మందుతో కడిగెయ్యలేం.

గిన్నెలో ఏముంది

అందరూ కాలు గురించి రాశారు, నాకు ఆ పెరుగన్నం కలవరంగా ఉంది.

ఎక్స్‌రేలో తొడ ఎముక గోడ ఎంత మందం ఉందో సర్జన్‌ని అడగండి. పెరిగే వయసులో కాల్షియం, విటమిన్ డి చాలని కుక్కల్లో ఒళ్లు ఎముకలోంచి కాల్షియం లాక్కుంటుంది. గోడ కాగితంలా పల్చబడుతుంది. అలాంటి ఎముకలో స్క్రూ మరలు పట్టవు, బిగిస్తుంటే ఊడి వస్తుంది. పెరుగన్నంలో కాల్షియం అసలు లేదని కాదు. అన్నం వాటా ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, డి దాదాపు లేదు. ఉత్త చికెన్ పెట్టేవాళ్లది ఇంకా ఘోరం, మాంసంలో భాస్వరం కాల్షియం కంటే పది ఇరవై రెట్లు ఎక్కువ. రెండూ కాల్షియం 1.2, భాస్వరం 1 నిష్పత్తికి దగ్గరగా ఉండాలి.

ఎండలో పడుకోబెట్టమని చెప్పేవాళ్లుంటారు. మనిషి చర్మంలా కుక్క చర్మం ఎండతో చాలినంత విటమిన్ డి చేసుకోలేదు. తిండిలోంచే రావాలి.

సులువైన దారి, పెరిగే కుక్కలకని రాసి ఉన్న సంపూర్ణ ఆహారం కొని ఆరు నెలలు అదే పెట్టడం. దాని మీద కాల్షియం సిరప్పులు పొయ్యొద్దు, ఎక్కువైనా ఎముక ఎదుగుదల చెడుతుంది. ఇంటి వంటే అయితే ప్రతి 1000 కేలరీలకి సుమారు 3 గ్రాముల కాల్షియం అందాలి. కడిగి ఆరబెట్టి మెత్తగా పొడి చేసిన గుడ్డుపెంకు గ్రాములో 0.38 గ్రాము కాల్షియం ఉంటుంది. అంటే చిన్న చెంచాకి, 5 గ్రాములకి, దాదాపు 1.9. తిండిలో ఉన్నది తీసేసి మిగతాది కలపాలి. డి కోసం గుడ్డు పచ్చసొన, చేప వాడినా లెక్క డాక్టరుతో చూపించుకోవడం మంచిది.

ఎంత పెట్టాలంటే, 14 కిలోల కుక్కకి విశ్రాంతిలో ఒంటికి కావాల్సింది 500 కేలరీలు. పెరుగుతోంది కాబట్టి దానికి ఒకటిన్నర రెట్లు లేదా కాస్త ఎక్కువ, 750 నుంచి 850 మధ్య. బోనులో ఉంది కదా అని సగం చెయ్యొద్దు, ఎముక కట్టేది ఆ తిండితోనే. వారానికొకసారి తూచండి. మీరు త్రాసు మీద ఎక్కి, కుక్కని ఎత్తుకుని మళ్లీ ఎక్కితే తేడా దాని బరువు. వారంలో పావు కిలోకి మించి పెరిగితే కొంచెం తగ్గించండి. ఎముకలు తింటే కాలు గట్టిపడుతుందని కోడి ఎముకలు వేసేవాళ్లున్నారు. ఉడికిన ఎముక పెచ్చులై పేగు చీలుస్తుంది. వద్దు.

వీధికుక్కల నేస్తం

ఆపరేషన్ అయ్యి ఇవాళ తొమ్మిదో రోజు. 2.7 ప్లేటు, పది రంధ్రాలది, ఏడు స్క్రూలు, 3 మి.మీ. పిన్ను. ఎముక గోడ కొంచెం పల్చగా ఉందన్నారు, స్క్రూలు మాత్రం పట్టాయట. తిండి మార్చేశాం. మోకాలు 80 దాకా ముడుచుకుంటోంది. నడిచేటప్పుడు మూడు అడుగులకొకసారి కాలు ఆనిస్తోంది. రెండు సందేహాలు. తుంటి దగ్గర చర్మం కింద నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు వచ్చింది, వేడి లేదు, నొప్పి లేదు. జ్వరం 102. లోహం ఎప్పుడు తియ్యాలి?

శస్త్రశాల

పిన్ను కొస మీద చర్మం రాసుకుని చేరిన నీరులా ఉంది. సూది పెట్టి లాగించొద్దు, లాగితే మళ్లీ చేరుతుంది, పైగా బయటి సూక్ష్మజీవిని లోపలికి పంపినట్టవుతుంది. నడక ఇంకాస్త తగ్గించి రోజూ కొలవండి. 102 మామూలే, కుక్కకి 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. ఉబ్బు పెద్దదవుతుంటే, చర్మం కింద గట్టి కొస తగులుతుంటే పిన్ను పైకి జరుగుతోందని అర్థం. అప్పుడు ఒక ఎక్స్‌రే తీసి ఆపరేషన్ రోజు ఎక్స్‌రే పక్కన పెట్టి చూడాలి. పాదం మడిచి నడవడం మొదలుపెడితే మాత్రం రేపటిదాకా ఆగొద్దు.

పది రంధ్రాల్లో ఏడు స్క్రూలు అంటే విరిగిన చోట రెండు మూడు ఖాళీగా ఉన్నాయన్నమాట. పిన్ను తోడున్నందుకు అది సరే. గోడ పల్చగా ఉంది కాబట్టి ఎక్స్‌రేలో అతుకు పడిందని తేలేదాకా దూకడం, సోఫా ఎక్కడం, ఇంకో కుక్కతో ఆడటం ఏదీ వద్దు. ఆనిస్తున్న కాలు ఒక్కరోజులో పైకెత్తేసిందంటే స్క్రూ వదులైనట్టు అనుకుని అదే రోజు ఎక్స్‌రే తీయించండి. చాలా ప్లేట్లు ఊడేది మూడో వారం నుంచి, కుక్కకి నొప్పి తగ్గి, ఇంట్లోవాళ్లకి జాలేసి బోను తలుపు తీసినప్పుడు.

ఎక్స్‌రే నాలుగో వారం ఒకటి, ఎనిమిదో వారం ఒకటి. ప్రతిసారీ ఎదురునుంచి, పక్కనుంచి రెండు కోణాలూ ఉండాలి, తుంటి మోకాలు రెండూ ఫిల్మ్‌లో పడాలి. ఆపరేషన్ రోజు తీసినవి తప్పకుండా వెంట తీసుకెళ్లండి, అవి లేకపోతే ఏది జరిగిందో ఏది అతుకుతోందో పోల్చి చెప్పలేం. పక్కనుంచి చూసినప్పుడు ముందు వెనక, ఎదురునుంచి చూసినప్పుడు లోపల బయట, ఈ నాలుగు గోడల్లో కనీసం మూడింటి మీద కొత్త ఎముక వంతెన కట్టి కనిపిస్తే అతుకు పడినట్టు. అప్పుడు తాడు మీద నడక అరగంట దాకా పెంచండి. వదిలేసి పరుగెత్తించడం ఇంకో నాలుగు వారాల తర్వాతే. ప్లేటు కింద ఎముక పూర్తిగా గట్టిపడటానికి ఈ వయసులో 3 నుంచి 5 నెలలు పడుతుంది.

పిన్నుని అతుకు పడ్డాక చిన్న కోతతో తీసేస్తాం, ఆ ఉబ్బు కూడా దాంతోనే పోతుంది. ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే అలాగే వదిలేస్తాం. స్క్రూ వదులైనా, చీము కారే రంధ్రం పడినా, చలికాలం కుంటుతున్నా అప్పుడు తీస్తాం. తీసినా ఆ స్క్రూ రంధ్రాలు నిండేదాకా ఆరు వారాలు మళ్లీ తాడు మీదే ఉంచాలి, ఎముక ఆ రంధ్రాల దగ్గరే విరిగే అవకాశం ఉంది.